మైలేజీ కుడికాలి అలవాటు

కొత్త కారు కొన్నామని చెప్పగానే మనవాళ్లు ముందు "ఎంత పడింది?" అంటారు, వెంటనే "మైలేజీ ఎంతిస్తుంది?" అంటారు. రెండో ప్రశ్నకు కంపెనీవాడు చెప్పిన అంకె చెప్పేస్తాం. మైలేజీ అంటే బండితోపాటు వచ్చే గుణమనే నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది.

ఆర్టీసీ డిపోలో ఇదే ప్రశ్న డ్రైవరును అడుగుతారు. బస్సు డ్యూటీ ముగించుకుని రాగానే డీజిలు నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించి, వచ్చిన అంకెను ఆ డ్రైవరు లెక్కలో రాస్తారు. దాన్ని వాళ్లు కేఎంపీఎల్ అంటారు. ఎక్కువ తెచ్చినవాళ్లను సన్మానిస్తారు, తక్కువ తెస్తున్నవాళ్లను పిలిచి మళ్లీ శిక్షణ ఇస్తారు. మన ఆర్టీసీ బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా నడుస్తుంది. ఆ 5 అన్నది 5.1 అయితే ఏమొస్తుందని తీసిపారేయకండి. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సుకు లీటరుకు పైగా మిగులుతుంది. అలాంటి బస్సులు పదివేలుంటే రోజుకు దాదాపు 12 వేల లీటర్లు. అందుకే సంస్థ పాయింటు తర్వాత అంకె కోసం కూడా డ్రైవరుతో మాట్లాడుతుంది. అదే బస్సు, అదే రూటు, అదే బంకు. మనిషి మారితే అంకె మారుతోందని ఆర్టీసీకి ఏళ్ల తరబడి తెలుసు. సొంత కారు నడుపుకునే మనం మాత్రం ఆ అంకెను ఎప్పుడూ మన పేరు కింద రాసుకోలేదు.

ఈ అధ్యాయానికి హనుమాన్ జంక్షన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ 16వ నంబరు జాతీయ రహదారిని నూజివీడు నుంచి గుడివాడ, మచిలీపట్నం వైపు పోయే రోడ్డు దాటుతుంది. ఒక చేతికి విజయవాడ, ఒక చేతికి ఏలూరు. పైన మామిడి తోటలు, కింద వరిచేలు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, జంక్షన్ కృష్ణాలోనే ఉండిపోయింది, కాని వేసవి వస్తే రెండు ఊళ్ల బతుకూ మామిడి చుట్టూనే. జంక్షన్‌లోని ఆంజనేయస్వామి గుడి ముందు నుంచి ఏ వైపు బయల్దేరినా ఒక్కో రోడ్డు మన కాలిలోని ఒక్కో దురలవాటును బయటపెడుతుంది.

బ్రేకు ఖరీదు

ముందు ఒక చిన్న లెక్క. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే వస్తుంది.

మనం పోసే పెట్రోలులో పెద్ద భాగం వేడిగా పోతుంది. కారును ముందుకు నెట్టడానికి నికరంగా పనికొచ్చేది సుమారు నాలుగో వంతు. ఆ కాస్త పెట్రోలుతో కారుకు వేగం కొంటాం. టన్నుకు కొంచెం పైన బరువున్న కారును నిలబడ్డ చోటు నుంచి 80 కిలోమీటర్ల వేగానికి తేవాలంటే, ఆ వేగంలో దాచిపెట్టే శక్తికే ముప్ఫై ముప్ఫై అయిదు మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉన్న మన రాష్ట్రంలో అది మూడున్నర నాలుగు రూపాయలు. ఇప్పుడు ఎదురుగా లారీ అడ్డం వచ్చిందని గట్టిగా బ్రేకు తొక్కి ఆపేశారు. ఆ నాలుగు రూపాయల వేగం ఎక్కడికి పోయింది? బ్రేకు డిస్కుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. మళ్లీ 80 కావాలంటే మళ్లీ నాలుగు రూపాయలు.

60 మీద పోతూ ఊరి స్పీడ్ బ్రేకరు దగ్గర 20కి దించితే రూపాయిన్నర పైన పోతుంది. చిన్న మొత్తమే. కాని పది స్పీడ్ బ్రేకర్ల రోడ్డు మీద వెళ్లిరావడమంటే ఇరవైసార్లు ఆ రూపాయిన్నర పారేయడం. పెట్రోలు ఎక్సలరేటరు దగ్గర ఖర్చవుతుందని అందరూ అనుకుంటారు. ఎక్సలరేటరు దగ్గర మనం కొనేది వేగం. దాన్ని వాడుకోకుండా పారేసేది బ్రేకు దగ్గర. బ్రేకు తక్కువ తొక్కాల్సి వచ్చేలా నడపడమే మైలేజీ విద్య అంతా. మిగిలినవన్నీ దాని తర్వాతే.

వెంటనే ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్రేకు అవసరమైన చోట తొక్కడానికి ఒక్క క్షణం కూడా వెనకాడవద్దు. నాలుగు రూపాయల కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే పని ఈ పుస్తకం ఎక్కడా చెప్పదు. నేను చెబుతున్నది ఆ అవసరం రాకుండా ముందే చూసుకోవడం గురించి.

నూజివీడు రోడ్డు: చూపు దూరం పెంచుకోవడం

జంక్షన్ నుంచి మీర్జాపురం మీదుగా నూజివీడు వెళ్లే రోడ్డు ఇరవై కిలోమీటర్లలోపే. ఏప్రిల్, మే నెలల్లో ఈ రోడ్డు మీద కారు నడపడం ఒక పరీక్ష. రసాలు, బంగినపల్లి ట్రేలు వేసుకున్న ట్రాక్టర్లు, టాటా ఏస్‌లు, బొలేరో ట్రక్కులు వరసగా పోతుంటాయి. మధ్యలో బైకులు, ఆటోలు, రోడ్డు వారన పళ్లు పెట్టుకున్నవాళ్ల దగ్గర ఉన్నట్టుండి ఆగే కార్లు. హైవే మీది వేగం కాలికి ఇంకా అంటుకునే ఉంటుంది. ఏం చేస్తాం? ట్రాక్టరు తోక దాకా దూసుకెళ్లి బ్రేకు కొడతాం. హారన్ మోగిస్తాం. సందు దొరగ్గానే కాలు నేలకి తొక్కి దాటేస్తాం. వంద గజాల్లో ఇంకో ట్రాక్టరు. మళ్లీ బ్రేకు. నూజివీడు చేరేసరికి ట్రాక్టర్లన్నిటినీ దాటేసి ఉంటాం, ముందుగా చేరింది మాత్రం రెండు మూడు నిమిషాలే.

ఇదే రోడ్డును ఇంకోలా నడిపి చూడండి. మీ ముందున్న బండి తోకను చూడకండి, దాని ముందున్న బండిని చూడండి. రోడ్డు తిన్నగా ఉన్న చోట రెండు మూడు వందల మీటర్ల అవతల ట్రాక్టరు కనిపించగానే కాలు ఎక్సలరేటరు మీద నుంచి పూర్తిగా తీసేయండి. గేరు అలాగే ఉంచండి, క్లచ్ తొక్కకండి. కారు తనంతట తాను మెల్లగా వేగం తగ్గించుకుంటూ పోతుంది. డాష్‌బోర్డు మీద అప్పటికప్పటి మైలేజీ చూపించే మీటరుంటే దాన్ని ఒక్కసారి గమనించండి. కాలు తీసిన మరుక్షణం ముల్లు చివరికంటా వెళ్లి అక్కడే నిలబడుతుంది. అది మీటరు తప్పు కాదు. ఆ క్షణంలో ఇంజనులోకి చుక్క పెట్రోలు పోవడం లేదు. చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయి. ఇంతకుముందు కొన్న వేగంతోనే ఆ రెండు వందల మీటర్లూ పోతున్నారు. ట్రాక్టరు దగ్గరకు చేరేసరికి మీ వేగం దాని వేగంతో కలుస్తుంది, బ్రేకు అవసరమే ఉండదు. ఎదురుగా రోడ్డు ఖాళీ అయితే మూడో గేరులోకి వచ్చి, నదురూ బెదురూ లేకుండా దాటేయండి. ఖాళీ లేదంటారా, ఒక నిమిషం ఆ మామిడిపళ్ల వాసన వెంటే వెళ్లండి.

స్పీడ్ బ్రేకర్లకూ ఇదే పద్ధతి. రోజూ తిరిగే రోడ్డైతే ఏ ఊళ్లో స్పీడ్ బ్రేకరు ఎక్కడుందో మీకు నిద్రలో లేపినా తెలుసు. బడి గోడ కనిపించినప్పుడు కాలు తీయాలా, బోరింగు పంపు దాటాక తీయాలా అన్నది నాలుగు రోజుల్లో కుదురుతుంది. ఆ గుర్తు ఒకసారి పట్టుబడితే పాదం దానంతటదే లేస్తుంది. వెనకసీట్లో కూర్చున్న పెద్దవాళ్లు "ఈమధ్య మెల్లగా నడుపుతున్నావు రా, నడుం నొప్పి రావడం లేదు" అంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. మెల్లగా నడపడం లేదు, కుదుపు లేకుండా నడుపుతున్నారు. చేరే సమయం దాదాపు అదే.

అమెరికా ఇంధన శాఖ వాళ్లు దూకుడు డ్రైవింగు వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే రోడ్ల మీద 10 నుంచి 40 శాతం మైలేజీ పడిపోవచ్చని చెబుతారు. మన నూజివీడు రోడ్డు ఆ రెండో రకానిది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 ఇస్తున్నదల్లా 18 ఇస్తే పదకొండు లీటర్లు, అంటే పన్నెండు వందల రూపాయలు మిగులుతాయి. ఏడాదికి పద్నాలుగు వేల పైచిలుకు. ఈ డబ్బు కోసం కొత్తగా కొనాల్సిందీ బిగించాల్సిందీ ఏమీ లేదు.

న్యూట్రల్ సంగతి

మైలేజీ గురించి శ్రద్ధ ఉన్న డ్రైవర్లే ఎక్కువగా చేసే తప్పు ఇది. వంతెన దిగేటప్పుడు, ఫ్లైఓవర్ పల్లం వచ్చినప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేయడం. కార్బురేటర్ల కాలంలో పెద్దలు నేర్పిన పాఠం ఇది. వాళ్లను తప్పుపట్టలేం, అప్పటి ఇంజన్లు అలాంటివి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో కథ తిరగబడింది. గేరులో ఉండి కాలు తీస్తే కంప్యూటరు ఇంధనాన్ని కట్ చేస్తుంది. న్యూట్రల్‌లో ఉంటే ఇంజను ఆగిపోకుండా నడవడానికి అది పెట్రోలు పోస్తూనే ఉండాలి. పల్లంలో పొదుపు చేస్తున్నామనుకుంటూ ఖర్చు చేస్తున్నామన్నమాట.

ఖర్చు సంగతి పక్కన పెట్టండి. న్యూట్రల్‌లో ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మామిడి లోడుతో ఉన్న చిన్న ట్రక్కుకు ఇది మరీ ప్రమాదం. ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి పల్లంలో తాళమే తిప్పేస్తారు. ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే బూస్టరు ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుపోతుంది, తాళం ఇంకాస్త తిరిగితే స్టీరింగు లాకే పడిపోవచ్చు. మీ డ్రైవరు ఈ పని చేస్తుంటే ఈరోజే మాన్పించండి. మీరే చేస్తుంటే ఈ పేజీ చదివిన క్షణం నుంచి మానేయండి.

విజయవాడ వైపు: ఆరు నిమిషాల ధర

జంక్షన్ నుంచి విజయవాడ 40 కిలోమీటర్ల దూరం. వీరవల్లి, తేలప్రోలు, ఆత్కూరు, గన్నవరం దాటుకుంటూ విశాలమైన రోడ్డు. ఇలాంటి నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం 100 అని 2018లో కేంద్రం ప్రకటించింది. కాబట్టి రోడ్డు పక్క బోర్డు మీద అంతకన్నా తక్కువ రాసి లేకపోతే వంద మీద పోవడం నేరం కాదు. దాని ధర ఎంతో మాత్రం తెలుసుకుని పోవాలి.

80 మీద వెళ్తే 40 కిలోమీటర్లకు 30 నిమిషాలు. 100 మీద అయితే 24 నిమిషాలు. మిగిలేది ఆరు నిమిషాలు. అయితే వేగం 80 నుంచి 100కి పెరిగితే కారుకు గాలి అడ్డుపడే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అది వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. పొడుగ్గా, నిటారుగా ఉండే ఎస్‌యూవీలకు ఇంకా భారం. కారును బట్టి ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఇంధనం అదనంగా తాగుతుంది. 80 మీద లీటరుకు 20 ఇచ్చే కారు 16, 17కి దిగిందనుకుంటే ఆ నలభై కిలోమీటర్లలో నలభై యాభై రూపాయలు ఎక్కువైనట్టు. పోనీ ఆ ఆరు నిమిషాలైనా చేతికొస్తాయా? ఎనికేపాడు నుంచి రామవరప్పాడు రింగు దాకా ట్రాఫిక్‌లో నిలబడే మాటైతే, ముందొచ్చినవాడూ వెనకొచ్చినవాడూ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఉంటారు. ఆరు నిమిషాలకు యాభై రూపాయలు ఇవ్వదగిన రోజులు ఉంటాయి. ఆసుపత్రికి పోతుంటే ఇవ్వండి, గన్నవరంలో విమానం తప్పిపోయేలా ఉంటే ఇవ్వండి. కిరాణా సామాను కోసం పోతూ ఇవ్వడం దేనికి?

దేశాలు కూడా ఈ లెక్క వేసుకున్న సందర్భాలున్నాయి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసినప్పుడు అమెరికా తన హైవేలన్నిటి మీదా గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 88 కిలోమీటర్ల గరిష్ఠ వేగం విధించింది. 1974 జనవరి 2న అధ్యక్షుడు నిక్సన్ ఆ చట్టం మీద సంతకం చేశాడు. దాన్ని పూర్తిగా ఎత్తేసింది 1995లో. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొనుక్కునేదే. మన పెట్రోలియం శాఖ కింద 1978 నుంచి పనిచేస్తున్న పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ 45 నుంచి 55 మధ్య వేగంలో కారు బాగా పొదుపు చేస్తుందని చెబుతుంది. నా అభిప్రాయంలో జాతీయ రహదారి మీద ఆ సలహా పాటించడం కష్టం. వెనక నుంచి లారీలు మీదికొస్తున్న చోట 50 మీద పోవడం క్షేమం కాదు. 75, 80 మధ్య ఒకే వేగం పట్టుకుని ఎడమ లేనులో స్థిరంగా వెళ్లండి. ఆ స్థిరత్వమే ముఖ్యం. 70కి దిగి 95కి ఎక్కి మళ్లీ 70కి దిగేవాడి కన్నా, 80 మీద కదలకుండా వెళ్లేవాడు తక్కువ తాగిస్తాడు.

ఏలూరు వైపు వెళ్లేవాళ్లకు కలపర్రు టోల్‌గేటు ఉంటుంది, విజయవాడ వైపు పొట్టిపాడు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ దగ్గర ఆగే సమయం తగ్గింది. అయినా చాలామంది గేటు దాకా వేగంగా వెళ్లి గట్టిగా బ్రేకు కొడతారు. గేటు అర కిలోమీటరు ముందు నుంచే కనిపిస్తుంది. కాలు తీసేయడానికి అంతకన్నా పెద్ద గుర్తు ఏం కావాలి?

ఎండాకాలం, ఏసీ, మామిడి ట్రేలు

మే నెలలో మా ప్రాంతపు ఎండలో ఏసీ లేకుండా నడపమని ఎవరికీ చెప్పను. ఒళ్లు తట్టుకోలేని వేడిలో డ్రైవరు చూపు మందగిస్తుంది, అది పెట్రోలు కన్నా ఖరీదు. ఏసీని తెలివిగా వాడుకోవచ్చు. ఎండలో నిలిపిన కారులోకి ఎక్కగానే అద్దాలు మూసి ఏసీ పెద్దగా పెట్టకండి. నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపితే లోపలి సెగ బయటికి పోతుంది. తర్వాత అద్దాలెత్తి ఏసీ వేయండి, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కండి, 24, 25 దగ్గర ఉంచండి. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు అద్దాలు దించుకోవచ్చు. హైవే మీద 80 మీద అద్దాలు దించితే గాలి లోపల చిక్కుకుని కారును వెనక్కి లాగుతుంది, అక్కడ ఏసీయే మేలు. అన్నిటికన్నా చవకైన ఉపాయం చెట్టు నీడ. తోటల ఊళ్లలో ఉన్నవాళ్లకు దానికి కొదవేముంది?

జంక్షన్‌లో చుట్టాల బస్సు కోసం ఎదురుచూస్తూ ఏసీ వేసుకుని ఇంజను ఆన్‌లో ఉంచడం ఇంకో అలవాటు. కదలని కారు గంటకు అర లీటరు పైనే తాగుతుంది, ఏసీతో ఇంకా ఎక్కువ. ఆ సమయంలో మైలేజీ సున్నా. మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ పెట్రోలు పడుతుందన్నది పాత నమ్మకం. ఇప్పటి ఇంజన్లలో పది సెకన్ల కన్నా ఎక్కువ ఆగేటట్టుంటే ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే లాభం. సిగ్నల్ దగ్గర పది సెకన్లు లెక్కపెట్టమనను. అర నిమిషం దాటి ఆగుతామని తెలిసిన చోట, రైల్వే గేటు దగ్గర, బస్టాండు ముందు ఆపేయండి.

సీజనులో హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలు తిరిగి వెళ్తూ మామిడి ట్రేలు కారు మీద కేరేజీకి కట్టించుకుంటారు. దయచేసి డిక్కీలో పెట్టించండి, పట్టకపోతే వెనక సీటు కిందైనా సర్దండి. డిక్కీలో నలభై అయిదు కిలోల బరువు మైలేజీని ఒక శాతం దాకా తగ్గిస్తుందని అమెరికా లెక్కలు. అదే సామాను పైన కడితే అడ్డమొచ్చేది బరువు కాదు, గాలి. పెద్ద పెట్టెలాంటిది పైన పెట్టుకుని హైవే వేగంలో పోతే 6 నుంచి 17 శాతం దాకా పోతుంది. మూడు వందల కిలోమీటర్ల ప్రయాణంలో అది మంచి రసాలు కొనుక్కునేంత డబ్బు. పైగా ఎండకీ గాలికీ పండు చెడిపోతుంది. వాడని కేరేజీని కూడా విప్పించేయండి, ఖాళీగా ఉన్నా అది గాలికి అడ్డమే.

గాలి, ఫిల్టరు, మందులు

టైర్లలో గాలి తగ్గితే మైలేజీ సగం పోతుందన్నట్టు కొందరు చెబుతారు. అంత లేదు. నాలుగు టైర్లలోనూ 33 ఉండాల్సిన చోట 27 ఉంటే ఇంధనం ఒక శాతానికి కొంచెం పైన ఎక్కువవుతుందని ఒక లెక్క, ఇంకా ఎక్కువని మరో లెక్క. అయినా గాలి చూపించుకోవాల్సిందే. కారణం వేరే ఉంది. గాలి తక్కువున్న టైరు అంచులు వేడెక్కి, మే నెల హైవే మీద పేలే ప్రమాదం ఉంటుంది, టైరు జీవితం తగ్గిపోతుంది. బంకులో గాలి ఉచితంగా కొట్టాల్సిందే, అది చమురు కంపెనీల నిబంధన. డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్తంభం మీద అంటించిన కాగితంలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. "అన్నా, ముందు ముప్ఫై మూడు, వెనక ముప్ఫై మూడు" అని ఆ కాగితం చూసి చెప్పండి, అందరికీ కొట్టేది మీకూ కొట్టనీయకండి. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించుకోవాలి. లోడు వేసే బండికి లోడు అంకె వేరే ఉంటుంది.

ఎయిర్ ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందన్నది కార్బురేటర్ల నాటి సలహా. ఇంజెక్షన్ కార్లలో మూసుకుపోయిన ఫిల్టరు లాగుడు తగ్గిస్తుంది, మైలేజీని పెద్దగా మార్చదు. సర్వీసు సకాలంలో చేయించండి, అంతే. పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాలూ ట్యాంకులో పోసే సీసాల మందులూ కొని మోసపోకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి పరికరాలు వందకు పైగా పరీక్షించి, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ కనబడలేదని తేల్చింది.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. ఈమధ్య మైలేజీ తగ్గిందని చాలామంది బాధపడుతున్నారు. అందులో కొంత నిజం. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. 20 శాతం మిశ్రమం కోసం తయారు కాని పాత కార్లకు 6, 7 శాతం దాకా తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అది మన చేతిలో లేదు. కంపెనీ చెప్పే అంకె కూడా ప్రయోగశాలలో కారును రోలర్ల మీద నడిపి, ఏసీ లేకుండా, 90 దాటని వేగంలో తీసింది, కాబట్టి అది ఎన్నడూ రాలేదని కుమిలిపోవద్దు. మీ పోటీ ఆ అంకెతో కాదు, మీ పోయిన నెల అంకెతో.

అలవాటు మారే దారి

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే వారంలో అన్నీ మానేస్తారు. కాలి అలవాటు ఆలోచనతో పోదు, ఇంకో అలవాటు దాని చోటుకు రావాలి. అందుకు ఒక ట్యాంకుకు ఒక్క పని పెట్టుకోండి.

కారులో చిన్న పుస్తకం ఉంచండి. ఎప్పుడూ వెళ్లే బంకులోనే ఫుల్ ట్యాంకు కొట్టించండి, గన్ మొదటిసారి కట్ అవగానే ఆపమనండి, అంకె రౌండ్ చేయడానికి ఇంకాస్త పోయనీయకండి. కిలోమీటర్లు రాసుకోండి. మళ్లీ ఫుల్ ట్యాంకు కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాసి భాగించండి. మొదటి ట్యాంకుకు ఏమీ మార్చకండి, మామూలుగానే నడపండి. మీ అసలు అంకె ఏంటో తెలియాలి కదా. రెండో ట్యాంకుకు కాలు ముందుగా తీసే పని ఒక్కటే. మూడోదానికి హైవే మీద 80 దాటకపోవడం. నాలుగోదానికి ఆగినప్పుడు ఇంజను ఆపడం. గేర్లు ముందుగా మార్చడం, ఇంజను మూలగనీయకుండా పెద్ద గేరులో నడపడం, అవసరం లేనప్పుడు క్లచ్ మీద కాలు పెట్టకపోవడం ఆ తర్వాత. అంకె పెరుగుతుంటే దాన్ని చూడాలనే ఉత్సాహం పుడుతుంది. ఒక ట్యాంకులో తగ్గితే ఆ పదిరోజులూ ఏం హడావుడి జరిగిందో గుర్తు చేసుకోండి, సాధారణంగా ఏదో పెళ్లో ఆసుపత్రో కనిపిస్తుంది.

సొంతంగా నడపని యజమానులకు కూడా ఇందులో పని ఉంది. మామిడి వ్యాపారులు, కాంట్రాక్టర్లు, డాక్టర్లు చాలామంది డ్రైవరు పెట్టుకుంటారు. మైలేజీ రావడం లేదని డ్రైవరు మీద కోప్పడతారు, పెట్రోలు అమ్ముకుంటున్నాడేమోనని అనుమానిస్తారు. అదే నోటితో రోజూ వెనకసీట్లోంచి "తొక్కు బాబూ, లేటైపోతోంది" అంటారు. పెట్రోలు అక్కడే పోతోంది. ఆర్టీసీ చేసినట్టు మీరూ చేయండి. డ్రైవరుతో కూర్చుని అంకె రాయండి, నెల నెలా అతనికి చూపించండి, మిగిలిన డబ్బులో సగం అతని చేతిలో పెట్టండి. ఆ తర్వాత అతను కారు నడిపే తీరు గమనించండి.

పది గంటలకు విజయవాడలో పనుంటే జంక్షన్ నుంచి తొమ్మిదింపావుకు బయల్దేరదీసి డ్రైవరును తొందరపెట్టకండి. ఎనిమిదిన్నరకే బయల్దేరండి.